వార్తల్లో పదం: విత్‌డ్రాయల్ ట్రయల్

16 ఏళ్లలోపు మొదలై, కారణం అంతుపట్టకుండా కనీసం 6 వారాల పాటు కీళ్లవాపు తగ్గకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. మెథోట్రెక్సేట్ అనే మందుకు జబ్బు లొంగని పిల్లలకు బయోలాజిక్ మందులు వాడతారు. ఇవి జీవకణాల్లో తయారయ్యే ప్రోటీన్లు; వాపును రగిలించే టీఎన్ఎఫ్ వంటి వాటిని అడ్డుకుంటాయి.

మరి వీటిని పరీక్షించడమెలా? పొద్దున లేచి కాలు కింద పెట్టలేని పిల్లకు నెలల తరబడి ఉత్తుత్తి సూది వేస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందుకే విత్‌డ్రాయల్ ట్రయల్ అనే ఈ పద్ధతిలో క్రమం తిరగబడింది. ముందు అందరికీ అసలు మందే ఇస్తారు. గుణం కనిపించినవాళ్లను మాత్రం చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందు ఆపి ప్లాసిబో (ఉత్తుత్తి మందు) ఇస్తారు. ఎవరికి ఏది అందుతోందో డాక్టరుకూ తెలియదు. జబ్బు తిరగబెడితే మళ్లీ అసలు మందే.

2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఎటనర్‌సెప్ట్ అనే బయోలాజిక్ మందు అధ్యయనం దీనికి పేరున్న ఉదాహరణ. మొదటి దశలో 69 మందిలో 51 మందికి గుణం కనిపించింది. రెండో దశలో ప్లాసిబో జట్టులో 81 శాతం మందికి, మందు కొనసాగిన జట్టులో 28 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తేడా గట్టిదే. అయితే రెండో దశకు చేరేది గుణపడినవాళ్లే కాబట్టి, కొత్తగా సూది మొదలుపెట్టే పిల్లల్లో ఎందరికి పనిచేస్తుందో ఆ పోలిక చెప్పదు. అరుదైన దుష్ఫలితాలూ ఇంత చిన్న లెక్కలో దొరకవు. మందు మార్కెట్లోకి వచ్చాక కూడా ఏళ్ల తరబడి రిజిస్ట్రీల్లో పిల్లల వివరాలు రాసి ఉంచేది వాటి కోసమే.