కొండచఱియలు ఏల జాఱును?

వర్షకాలము వచ్చినంతనే వార్తాపత్రికలయందు “కొండచఱియలు విఱిగిపడినవి” యను మాట మనకు తఱచుగా కనబడుచుండును. 2024వ సంవత్సరము జూలై 30వ తేదీన, తెల్లవాఱకమునుపే, కేరళమందలి వయనాడు జిల్లాలో ముండక్కై, చూరల్‌మల యను గ్రామములపై బురదయు బండలును విఱుచుకొనిపడి 250 మందికి మించి మరణించిరి. నెల తిరుగగనే, ఆగస్టు 31వ తేదీన, మన విజయవాడలోని మొగల్రాజపురమున కొండరాళ్లు ఇండ్లమీదికి దొర్లి పలువురు మృతినొందిరి. ఇట్టి వార్తలను చదివినవారు “దైవికము” అని నిట్టూర్చి పుట త్రిప్పుదురు. మా యభిప్రాయము వేఱు. వాన మన చేతిలోనిది కాదు గాని, కొండ జాఱుటకు కారణములు గలవు, ముందుగా గుఱుతులును గలవు. మన విద్యార్థులలో మన్యపు గ్రామములవారును, కొండ నానుకొనిన పేటలవారును ఉన్నారు గనుక ఈ సంగతి నిచట వివరింపదలచితిమి.

ఏటియొడ్డున పాదముపై తడియిసుక కప్పి పిచ్చుకగూడు కట్టని బాలుడుండడు. పొడియిసుకతో గూడు నిలువదు. కొంచెము తడి యున్నచో చక్కగా నిలుచును. దానిపై చెంబెడు నీరు పోసితిమా, కూలిపోవును. కొండవాలును ఇట్టిదే. మంటిని క్రిందికి లాగునది దాని బరువు. పట్టి నిలుపునవి రేణువుల నడుమనుండు రాపిడియు, మంటి జిగురును, చెట్లవేళ్లును. వాననీరు లోనికింకి అడుగున గట్టిరాతిపై నిలిచినప్పుడు మంటి బరువు హెచ్చును. అంతకంటె ప్రమాదకరమైనది మఱియొకటి గలదు. రేణువుల సందులలో నిండిన నీరు వానిని ఒకదానినుండి యొకటి యెడముగా నెత్తిపట్టి రాపిడిని తగ్గించును. నీరు లోతునకు దిగుటకు కాలము పట్టును గనుక, వాన వెలసిన కొన్ని గంటలకు గూడ కొండ జాఱవచ్చును. వాన నిలిచినది గదా యని వెంటనే ఇంటికి మరలుట మంచిది కాదు.

జాఱుటయందును భేదములు గలవు. బీటలువాఱిన నిలువురాతినుండి బండలూడి పడుట యొకటి. 2021 డిసెంబరులో తిరుమల కనుమదారిపై జరిగినది ఇదియే. మంటిపొర యంతయు నొక్కముక్కగా క్రిందికి దిగుట రెండవది. బండలను, చెట్లను కలుపుకొని బురద వాగువెంట పరుగిడుట మూడవది. మనుష్యుడు దీనిని మించి పరుగెత్తజాలడు. వయనాడునందు ప్రాణములు తీసినది ఇదియే. నాలుగవది కంటికి కనబడనంత మెల్లగా నేల క్రిందికి ప్రాకుట. మొదలువద్ద వంగి, పైకి నిలువుగా పెరిగిన చెట్లు వాలుపై వరుసగా నున్నచో, అచట నేల ప్రాకుచున్నదేమోయని యనుమానింపవలెను.

మన తూర్పుకనుమలలో ఖోండలైటు అను రాయి విస్తారముగా గలదు. ఖోండుజాతివారి పేరిటనే దానికాపేరు వచ్చినది. అది యెండకు వానకు శిథిలమై మెత్తని యెఱ్ఱమన్నగును. ఇట్టి వాలు పాదమును రోడ్డుకొఱకో యిల్లుకొఱకో నిలువుగా త్రవ్వినచో, పైమంటికి ఆధారము తొలగించినట్లే. చెట్లను నఱికినచో వేళ్లు క్రుళ్లుటకు కొన్నియేండ్లు పట్టును గనుక, నఱికినవాడు తాను చేసినదాని ఫలమును ఆ యేడే యెఱుగడు.

గుఱుతులను గమనింపనిచో, గమనించినచో ఏమగునో రెండు పూర్వవృత్తాంతములు తెలుపును. 1880 సెప్టెంబరులో నైనీతాలునందు రెండుదినములకుపైగా ఎడతెగని వాన కురిసెను. 18వ తేదీ యుదయమున విక్టోరియా హోటలువద్ద చఱియ జాఱి కొందఱిని కప్పెను. వారిని వెలికితీయుటకు ఉద్యోగులును, సిపాయీలును, కూలీలును అచట గుమిగూడిరి. మధ్యాహ్నమున పైకొండ మరల జాఱెను. 151 మంది మృతులైరి. రక్షింపవచ్చినవారును అందు గలరు. మొదటి జాఱుటయే రెండవదానికి హెచ్చరికయని వారికెవరు చెప్పుదురు? ఆ పిమ్మట ఆ వాలులపై వాననీటికై రాతికాలువలు కట్టించిరి.

రెండవది 1893 సెప్టెంబరున గఢ్వాలు దేశమందు జరిగినది. గోహ్నా గ్రామమువద్ద కొండ కూలి బిరహీగంగ కడ్డముగా సుమారు 900 అడుగుల కట్ట యేర్పడెను. వెనుక చెఱువు పెరుగసాగెను. పుల్ఫర్డ్ అను ఇంజనీరు, మఱునాటి ఆగస్టులో నీరు కట్టపైకెక్కునని లెక్కవేసెను. లోయవెంట హరిద్వారము వఱకు తంతితీగ వేయించి, దిగువ జనులను ఎత్తుచోట్లకు తరలించిరి. 1894 ఆగస్టు 25వ తేదీన నీరు పైకెక్కి, ఆ రాత్రి కట్ట తెగెను. శ్రీనగరపట్టణము కొట్టుకొనిపోయెను గాని, మరణించినది ఐదుగురు మాత్రమే. వారు తరలింపబడియు మరల తిరిగివచ్చిన యొక ఫకీరును, అతని కుటుంబమువారును.

కనుక కొండప్రక్కన నుండువారు గమనింపవలసినవి ఇవి. నేలపై క్రొత్తగా అర్ధచంద్రాకారముగా బీటలు పుట్టుట. తలుపులు హఠాత్తుగా బిగుసుకొనుట. స్తంభములును కంచెలును ఒఱగుట. ఎన్నడును లేనిచోట నీరూఱుట, లేదా తేటనీటి యూట బురదయగుట. అన్నింటికంటె భయంకరమైన గుఱుతు, జోరువానలో వాగు ఆకస్మికముగా తఱుగుట. ఎగువ నేదో యడ్డుపడినదన్నమాట. చోద్యము చూచుటకు వాగులోనికి దిగరాదు. ఉఱుమువంటి ధ్వని వినబడినచో సామానులకై నిలువక, వాగువెంట దిగువకు గాక, ప్రక్కగా మిట్టకు పోవలెను.

ముందుజాగ్రత్తలలో మొదటిది నీటికి దారిచూపుట. ఇంటిపై వాలునకు అడ్డముగా కాలువ త్రవ్వి నీటిని ప్రక్కకు మరలింపవలెను. బీటలలోనికి నీరు దిగకుండ బంకమన్నుతో పూడ్చవలెను. మంటికట్టకు గోడ కట్టువారు నీరు వెలువడుటకు రంధ్రములు విడువవలెను. లేనిచో నిలిచిన నీరే గోడను త్రోయును. మా కంటబడిన గోడలలో పెక్కింటికి అవి లేవు, ఉన్నవి చెత్తతో మూసికొనిపోయినవి. వాగు కొండదిగి మైదానమున పఱచుకొనుచోట ఇల్లు కట్టరాదు.

వాన కొలత విద్యార్థులును చేయగలరు. నిలువుప్రక్కలుగల పాత్రను చెట్లకును గోడలకును దూరముగా బయట నుంచి, ప్రతిదినము ఉదయము 8:30 గంటలకు నీటిలోతు కొలబద్దతో కొలిచి, మిల్లీమీటర్లలో వ్రాసి, పాత్రను ఖాళీచేయవలెను. వాతావరణశాఖవారు దినవర్షమును లెక్కించు వేళ అదియే గనుక, మన యంకెలను వారి యంకెలతో పోల్చి చూడవచ్చును.