అధిక రిఫ్రెష్ రేటు గేమింగ్ మానిటరు

అధిక రిఫ్రెష్ రేటు గేమింగ్ మానిటరు అనగా తెరపై చిత్రాన్ని సెకండుకు 60 కంటే బాగా ఎక్కువ మార్లు మార్చగల కంప్యూటరు మానిటరు. సెకండుకు ఎన్నిమార్లు చిత్రం మారుతుందో తెలిపే సంఖ్యను రిఫ్రెష్ రేటు అంటారు. దీనిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. కార్యాలయాలలోను, ఇళ్లలోను చాలాకాలంగా వాడుకలో ఉన్న మానిటర్లు 60 హెర్ట్జ్ వి. గేమింగ్ మానిటర్లు 120, 144, 165, 180, 240, 360 హెర్ట్జ్ వంటి రేట్లతో లభిస్తాయి. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి వేగవంతమైన ఆటలలో ఇవి ఎక్కువగా ఉపయోగపడతాయి.

మానిటరు పెట్టెపై ముద్రించిన సంఖ్య ఆ తెర చేరుకోగల గరిష్ఠ వేగాన్ని మాత్రమే తెలుపుతుంది. కంప్యూటరు, కేబులు, విండోస్ అమరిక, ఆటలోని అమరిక - ఈ నాలుగూ ఆ వేగానికి సరిపోయినప్పుడే వాడుకరికి ఆ ఫలితం దక్కుతుంది. వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా 144 హెర్ట్జ్ మానిటరు 60 హెర్ట్జ్ మానిటరు లాగానే పనిచేస్తుంది. అలా జరిగినప్పుడు తెరపై ఏ హెచ్చరికా రాదు. కాబట్టి సరైన మానిటరును ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, దానిని సరిగా అమర్చుకోవడం కూడా అంతే ముఖ్యం.

పనిచేసే విధానం

చలనచిత్రం లాగానే కంప్యూటరు తెరపై కదలిక కూడా వరుసగా వచ్చే నిశ్చల చిత్రాల వలన ఏర్పడుతుంది. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. ఆటలో ఫ్రేములను తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు, చూపించేది మానిటరు. గ్రాఫిక్స్ కార్డు సెకండుకు తయారుచేసే ఫ్రేముల సంఖ్యను ఫ్రేము రేటు అంటారు. ఫ్రేము రేటు, రిఫ్రెష్ రేటు రెండూ వేరువేరు విషయాలు. కార్డు సెకండుకు 70 ఫ్రేములు మాత్రమే తయారుచేస్తుంటే, 240 హెర్ట్జ్ తెరపై కూడా 70 కొత్త చిత్రాలే కనిపిస్తాయి.

ఒక ఫ్రేము తెరపై నిలిచే కాలం ఇలా ఉంటుంది:

* 60 హెర్ట్జ్ - 16.67 మిల్లీసెకండ్లు
* 120 హెర్ట్జ్ - 8.33 మిల్లీసెకండ్లు
* 144 హెర్ట్జ్ - 6.94 మిల్లీసెకండ్లు
* 240 హెర్ట్జ్ - 4.17 మిల్లీసెకండ్లు
* 360 హెర్ట్జ్ - 2.78 మిల్లీసెకండ్లు

60 నుండి 144 కు మారితే ప్రతి ఫ్రేముకు దాదాపు 9.7 మిల్లీసెకండ్లు ఆదా అవుతాయి. 144 నుండి 240 కు మారితే ఆదా అయ్యేది దాదాపు 2.8 మిల్లీసెకండ్లే. 240 నుండి 360 కు మారితే అది 1.4 మిల్లీసెకండ్లకు తగ్గుతుంది. అంటే హెర్ట్జ్ సంఖ్య పెరిగే కొద్దీ అదనంగా కలిగే ప్రయోజనం తగ్గుతూ వస్తుంది. మొదటి మెట్టు అందరికీ సులభంగా తెలుస్తుంది. తరువాతి మెట్లు పోటీలలో ఆడేవారికే ఎక్కువగా ఉపయోగపడతాయి.

రిఫ్రెష్ రేటు పెరిగితే కదిలే వస్తువుల అలుకుదనం కూడా తగ్గుతుంది. సెకండుకు 960 పిక్సెళ్ల వేగంతో కదిలే వస్తువు 60 హెర్ట్జ్ తెరపై ఒక్కొక్క ఫ్రేముకు 16 పిక్సెళ్లు దూకుతుంది, 240 హెర్ట్జ్ తెరపై 4 పిక్సెళ్లే దూకుతుంది. కన్ను ఆ వస్తువును ఎడతెగకుండా వెంబడిస్తుంది, కాని చిత్రం మాత్రం ఫ్రేము మారే వరకు ఒకేచోట నిలిచి ఉంటుంది. ఈ తేడా వలననే అంచులు మసకగా కనిపిస్తాయి. దూకుడు చిన్నదైతే మసక కూడా తగ్గుతుంది.

చరిత్ర

పాత పిక్చర్ ట్యూబు మానిటర్లలో 60 హెర్ట్జ్ వద్ద తెర మినుకుమినుకుమనేది. అందుచేత చాలామంది వాటిని 75 లేదా 85 హెర్ట్జ్ వద్ద వాడేవారు. ఎల్.సి.డి. తెరలు వచ్చాక ఆ మినుకు పోయింది, 60 హెర్ట్జ్ సాధారణ ప్రమాణంగా స్థిరపడింది. 2009లో శాంసంగ్, వ్యూసోనిక్ సంస్థలు 120 హెర్ట్జ్ ఎల్.సి.డి. మానిటర్లను విడుదల చేశాయి. అప్పట్లో వీటి ముఖ్యోద్దేశం ఎన్విడియా వారి త్రీడీ కళ్ళద్దాలతో ఆటలు ఆడటం. కుడి, ఎడమ కళ్లకు చెరి 60 చిత్రాలు చూపడానికి 120 అవసరమైంది. త్రీడీ కళ్ళద్దాల మోజు తగ్గిపోయినా వేగవంతమైన తెర మాత్రం నిలిచింది. 2012 నాటికి 144 హెర్ట్జ్ మానిటర్లు, 2020లో 360 హెర్ట్జ్ మానిటర్లు మార్కెట్లోకి వచ్చాయి.

ఫ్రేము రేటుకు అనుగుణంగా తన రిఫ్రెష్ రేటును తెరే మార్చుకునే పద్ధతిని 2013లో ఎన్విడియా జీ-సింక్ పేరుతో ప్రకటించింది. 2014లో వెసా సంస్థ అడాప్టివ్ సింక్ ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. దాని ఆధారంగా ఏ.ఎం.డి. ఫ్రీసింక్ 2015లో వచ్చింది. 2019 జనవరి నుండి ఎన్విడియా కార్డులు కూడా అడాప్టివ్ సింక్ మానిటర్లతో పనిచేయడం మొదలుపెట్టాయి. అప్పటినుండి కార్డు తయారీదారును బట్టి మానిటరును ఎంచుకోవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

ఎంపికలో చూడవలసినవి

కంప్యూటరు సామర్థ్యం: మొదట తమ కంప్యూటరులో, తాము ఆడే ఆట సెకండుకు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో తెలుసుకోవాలి. చాలా ఆటలలో ఈ సంఖ్యను తెరపై చూపే సదుపాయం ఉంటుంది. అది 80 - 100 మధ్య ఉంటే 144 హెర్ట్జ్ కంటే ఎక్కువ రేటుకు డబ్బు పెట్టడం వృథా. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వంటి కన్సోళ్లు గరిష్ఠంగా 120 హెర్ట్జ్ మాత్రమే ఇస్తాయి. వాటి కోసం 240 హెర్ట్జ్ తెర కొనవలసిన పనిలేదు.

పరిమాణం, రిజల్యూషన్: 1920 × 1080 రిజల్యూషన్ కు 24 అంగుళాల తెర సరిపోతుంది. ఇందులో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు ఉంటాయి. అదే రిజల్యూషన్ 27 అంగుళాల తెరపై 82 కు పడిపోతుంది, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 27 అంగుళాలకు 2560 × 1440 తగినది (దాదాపు 109 పిక్సెళ్లు). అయితే 1440 లో పిక్సెళ్ల సంఖ్య 1080 కంటే దాదాపు 1.8 రెట్లు, 4కె లో 4 రెట్లు. ఆ మేరకు గ్రాఫిక్స్ కార్డుపై భారం పెరిగి ఫ్రేము రేటు తగ్గుతుంది.

ప్యానెల్ రకం: ఎల్.సి.డి. ప్యానెళ్లు ముఖ్యంగా మూడు రకాలు. టి.ఎన్. వేగవంతమైనది కాని రంగులు, పక్కనుండి చూసే కోణం బలహీనం. ఐ.పి.ఎస్. లో రంగులు, కోణం బాగుంటాయి కాని చీకటి గదిలో నలుపు కొంత బూడిదరంగులో కనిపిస్తుంది. వి.ఎ. లో నలుపు గాఢంగా ఉంటుంది కాని చవకరకాలలో చీకటి దృశ్యాలు కదిలేటప్పుడు నల్లటి చారలు సాగుతాయి. ఇవికాక ఓఎల్ఈడీ మానిటర్లలో పిక్సెళ్లు అన్నిటికంటే వేగంగా మారతాయి. వాటిలో ఒకే చిత్రం చాలాకాలం నిలిచి ఉంటే దాని ఛాయ తెరపై శాశ్వతంగా మిగిలే ప్రమాదం ఉంది. రోజంతా కార్యాలయపు పనికి, సాయంత్రం ఆటలకు ఒకే తెరను వాడేవారు ఈ విషయం గమనించాలి.

ప్రతిస్పందన కాలం: ఒక పిక్సెల్ ఒక ఛాయ నుండి మరొక ఛాయకు మారడానికి పట్టే కాలమిది. ప్రకటనలలో కనిపించే "1 మిల్లీసెకండు" సాధారణంగా అత్యంత అనుకూల పరిస్థితిలో కొలిచినది. 144 హెర్ట్జ్ తెరలో పిక్సెళ్లు 6.94 మిల్లీసెకండ్లలోపు మారకపోతే పాత ఫ్రేము నీడ కొత్త ఫ్రేముపై పడుతుంది. ప్రకటన కంటే స్వతంత్రంగా పరీక్షించినవారి కొలతలను చూడటం మేలు.

అడాప్టివ్ సింక్ పరిధి: 48 - 144 వంటి పరిధిని తయారీదారు తెలుపుతాడు. కంప్యూటరు ఇచ్చే ఫ్రేము రేటు ఎక్కువ భాగం ఈ పరిధిలో ఉండాలి.

కేబుళ్లు

పాత కేబులును, పాత పోర్టును వాడటం తరచుగా జరిగే పొరపాటు. డిస్‌ప్లేపోర్ట్ 1.2 ద్వారా 1440 రిజల్యూషన్ లో 144 హెర్ట్జ్, డిస్‌ప్లేపోర్ట్ 1.4 ద్వారా 4కె లో 120 హెర్ట్జ్ పొందవచ్చు. హెచ్.డి.ఎం.ఐ. 2.0 లో 1080 కు 240 హెర్ట్జ్, 1440 కు 144 హెర్ట్జ్, 4కె కు 60 హెర్ట్జ్ సాధ్యం. 4కె లో 120 హెర్ట్జ్ కావాలంటే హెచ్.డి.ఎం.ఐ. 2.1 ఉండాలి. ఒకే మానిటరులో రెండు పోర్టుల గరిష్ఠ రేటు వేరువేరుగా ఉండవచ్చు. ఈ వివరం మానిటరుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేవారు తమ ల్యాప్‌టాప్‌లోని పోర్టు ఏ తరానికి చెందినదో కొనడానికి ముందే తెలుసుకోవాలి.

అమర్చే విధానం

# కేబులును మదర్‌బోర్డు పోర్టుకు కాక గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు తగిలించాలి. మదర్‌బోర్డు పోర్టుకు తగిలిస్తే సాధారణంగా ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్స్ భాగమే తెరను నడుపుతుంది.
# గ్రాఫిక్స్ కార్డు డ్రైవరును కొత్త వెర్షనుకు మార్చాలి.
# విండోస్ 11 లో సెట్టింగ్స్ - సిస్టమ్ - డిస్‌ప్లే - అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే లోకి వెళ్లి రిఫ్రెష్ రేటును ఎంచుకోవాలి. కొత్త మానిటరును తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు 60 వద్దనే ఉంచుతుంది.
# మానిటరు మెనూలో అడాప్టివ్ సింక్ లేదా ఫ్రీసింక్ ను, తరువాత గ్రాఫిక్స్ కార్డు సాఫ్టువేరులో దానికి సంబంధించిన అమరికను ఆన్ చేయాలి.
# ఆటలో రిఫ్రెష్ రేటు, ఫ్రేము పరిమితి అమరికలను చూడాలి. అడాప్టివ్ సింక్ వాడేటప్పుడు ఫ్రేము పరిమితిని గరిష్ఠ రిఫ్రెష్ రేటు కంటే మూడు నాలుగు తక్కువగా ఉంచితే కదలిక నిలకడగా ఉంటుంది.
# ఓవర్‌డ్రైవ్ అనే అమరికను మధ్యస్థంగా ఉంచాలి. దీనిని గరిష్ఠానికి పెంచితే కదిలే వస్తువుల వెనుక తెల్లటి నీడలు వస్తాయి.
# వెలుగును గదికి తగినట్లు తగ్గించుకోవాలి. దుకాణంలో మెరిసేలా పెట్టిన అమరిక ఇంట్లో కళ్లకు శ్రమ కలిగిస్తుంది. తెర కంటికి చేయి చాపినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి సమానంగా లేదా కొంచెం కిందుగా ఉండాలి. కిటికీ తెరకు ఎదురుగా ఉండరాదు.

అమర్చిన తరువాత మానిటరు మెనూలోని సమాచార పుటను చూడాలి. తెరకు నిజంగా అందుతున్న రేటు అక్కడ కనిపిస్తుంది. టెస్ట్‌యుఎఫ్ఓ అనే వెబ్‌సైటులో వేరువేరు వేగాలతో కదిలే బొమ్మలను పక్కపక్కన చూసి తేడాను కంటితో పోల్చుకోవచ్చు.

హైదరాబాదు పరిసరాలలో

హైదరాబాదు ప్రాంతంలో కంప్యూటరు విడిభాగాలకు సికింద్రాబాదు పార్క్‌లేన్ లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ప్రసిద్ధి చెందింది. దీనిని అందరూ సి.టి.సి. అని పిలుస్తారు. నాగార్జునసాగర్ రహదారి మీదున్న మన్నెగూడ, తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లవారు ఎల్.బి.నగర్ మీదుగా నగరం దాటి అక్కడికి వెళ్లవలసి ఉంటుంది. ఆన్‌లైన్ లో కొంటే ఈ ప్రయాణం తప్పుతుంది, కాని తెరను ముందుగా చూసే అవకాశం ఉండదు. దుకాణంలో కొనేవారు పెట్టె తెరిపించి, నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను తెర నిండా చూపించమని అడగవచ్చు. వెలగని లేదా ఒకే రంగులో నిలిచిపోయిన పిక్సెళ్లు అప్పుడు బయటపడతాయి. ఇటువంటివి ఎన్ని ఉంటే మార్చి ఇస్తారో సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ఆ షరతును ముందే చదవాలి. దూరం నుండి వచ్చేవారికి వారంటీ సేవ ఇంటివద్ద లభిస్తుందా, లేక సేవా కేంద్రానికి మోసుకు వెళ్లాలా అన్నది కూడా ముఖ్యం.

భారతదేశంలో అమ్మే మానిటర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) వద్ద నమోదు తప్పనిసరి. జి.ఎస్.టి. 32 అంగుళాల వరకు 18 శాతం, అంతకు మించిన తెరలకు 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద తెరలకు కూడా 18 శాతానికి తగ్గించారు. రసీదు లేకుండా కొంచెం తక్కువకు కొంటే వారంటీ పొందడం కష్టమవుతుంది.

2023, 2024 సంవత్సరాలలో డ్రీమ్‌హ్యాక్ గేమింగ్ ఉత్సవం హైదరాబాదు హైటెక్స్ ప్రదర్శనశాలలో జరిగింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీలలో భాగంగా గుర్తించింది.

అపోహలు

* "మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి 144 హెర్ట్జ్ మానిటరు పనిచేయదు." - ఇది సరికాదు. మానిటరు 230 వోల్టుల కరెంటును ముందుగా డి.సి. గా మార్చుకుంటుంది. తెర వేగానికి కరెంటు పౌనఃపున్యంతో సంబంధం లేదు. కరెంటు తరచుగా పోయేచోట యు.పి.ఎస్. కొనేటప్పుడు మాత్రం మానిటరుతోపాటు గ్రాఫిక్స్ కార్డు వాడకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.
* "సినిమా 24 ఫ్రేములే, కన్ను అంతకంటే ఎక్కువ చూడలేదు." - సినిమా ఫ్రేములో కెమెరా తీసిన కదలిక మసక ముందే కలిసి ఉంటుంది, పైగా ప్రేక్షకుడు దానిని చూస్తాడేగాని నడపడు. ఆటలో మౌసు కదిలించిన చేతికి, కదిలిన తెరకు మధ్య ఆలస్యాన్ని ఆటగాడు గుర్తిస్తాడు.
* "ఎక్కువ హెర్ట్జ్ ఉంటే ఆట వేగం పెరుగుతుంది." - మానిటరు ఫ్రేములను తయారుచేయదు. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఖరీదైన తెర కంటే, మధ్యస్థమైన 144 హెర్ట్జ్ తెర కొని మిగిలిన సొమ్మును కార్డుపై పెట్టడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.
* "కొత్త మానిటరు కొనగానే తేడా తెలుస్తుంది." - విండోస్ లో రేటును మార్చిన తరువాతనే తెలుస్తుంది. తేడా కనిపించలేదని తెరను తిరిగి ఇచ్చేముందు ఆ అమరికను ఒకసారి సరిచూసుకోవాలి.