‘వడ్డీ లేని వాయిదా’కు అసలు వడ్డీ ఎంత? పండగ ఆఫర్లు, ‘7 శాతం’ ఖాతాల లెక్క ఎలా చూడాలి?

పండగ దగ్గర పడుతోందంటే కృత్తివెన్ను నుంచి పెడన, బందరు వైపు వెళ్లే 216 జాతీయ రహదారి పక్కన ఫ్లెక్సీలు మారిపోతాయి. ‘జీరో వడ్డీ’, ‘50 శాతం వరకు తగ్గింపు’, ‘పాతది ఇవ్వండి, కొత్తది పట్టుకెళ్లండి’. దినపత్రిక మధ్యలో మడిచి వచ్చే కరపత్రాల్లోనూ ఇవే మాటలు. ఫోన్ తెరిస్తే ‘పొదుపు ఖాతాపై 7 శాతం వరకు వడ్డీ’ అంటూ మరో ప్రకటన. రొయ్యల పట్టుబడి డబ్బో, ధాన్యం డబ్బో ఖాతాలో పడిన వారంలో ఇవి కంటికి మరీ ఎక్కువగా కనబడతాయి.

ఇవన్నీ మోసాలు కావు. కొన్ని నిజంగానే లాభం. ఏది ఏమిటో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన ఊళ్లలో అప్పు మాట్లాడేటప్పుడు వేసే ‘నూటికి ఎన్ని రూపాయల వడ్డీ’ అనే లెక్కే చాలు.

సున్నా వడ్డీ అంటే నూటికి రెండు రూపాయలు

ఒక ఉదాహరణ చూద్దాం. టీవీ ధర 30,000 రూపాయలు. ‘వడ్డీ లేకుండా 6 వాయిదాలు’ అన్నారు. నెలకు 5,000 చొప్పున ఆరు నెలలు కడితే సరిగ్గా 30,000. పైకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ లేదు. ఇప్పుడు అదే షాపులో ‘మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తాను, ఎంతకిస్తారు?’ అని అడగండి. 28,000కి ఇస్తానన్నారనుకుందాం. అంటే ఆ టీవీ అసలు ధర 28,000. మీరు తీసుకున్న అప్పు కూడా అంతే. దానికి కడుతున్నది 30,000.

రెండు వేలే కదా అనిపిస్తుంది. కానీ అసలు ప్రతి నెలా తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, లెక్క కడితే ఇది నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు పేరుతో మొదట్లోనే ఓ 500 తీసుకుంటే అది రెండున్నర రూపాయలు దాటుతుంది. మొదటి వాయిదా బిల్లు రోజే కట్టించుకుంటే ఇంకా పెరుగుతుంది. క్రెడిట్ కార్డు వాయిదాల్లో మరో సంగతి ఉంది. వడ్డీ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన బిల్లులోనే పడుతుంది.

ఇది కొత్తగా బయటపడిన విషయమేమీ కాదు. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీని వేరే రూపంలో దాచి వసూలు చేస్తున్నారని, అసలు అలాంటి వడ్డీయే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత ప్రకటనల్లో పేరు మారింది, లెక్క మారలేదు. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి వ్యక్తిగత అప్పులన్నింటికీ ఫీజులతో కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపే ‘ముఖ్య వివరాల పత్రం’ ఇవ్వడం తప్పనిసరి. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. షాపులో కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమంటాడు. ఓటీపీ చెప్పేలోపే ఆ పత్రం అడగాలి. చెప్పేశాక అడిగితే ఉపయోగం తక్కువ.

రొక్కానికీ వాయిదాలకీ ధర ఒకటేనని, ఫీజు కూడా లేదని తేలితే వాయిదాలే మేలు. అలాంటి ఆఫర్లూ ఉంటాయి, ముఖ్యంగా కంపెనీయే వడ్డీ భరించే కొత్త మోడళ్ల మీద. కాకపోతే వాయిదా తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే కంపెనీ జరిమానా ఒకటి, బ్యాంకు జరిమానా మరొకటి పడతాయి. నెల జీతం ఉన్నవారికి సరిపోయే ఏర్పాటు, నాలుగు నెలలకోసారి డబ్బు చూసే చెరువు రైతుకు సరిపోకపోవచ్చు.

తగ్గింపు దేని మీద?

‘50 శాతం తగ్గింపు’ అన్నది ఎంఆర్‌పీ మీద. అది గరిష్ఠ ధర మాత్రమే. మామూలు రోజుల్లో కూడా ఆ ధరకు ఎవరూ కొనరు. పోల్చాల్సింది నిన్నటి అమ్మకం ధరతో. అందుకు మోడల్ నంబరు కావాలి. కంపెనీ పేరు, సైజు ఒకటే అయినా చివర ఒక్క అక్షరం మారితే లోపల తెర, స్పీకర్లు, మోటారు వేరే కావచ్చు. నంబరు రాసుకుని బందరులో ఒక షాపు, భీమవరంలో ఒక షాపు, ఆన్‌లైన్‌లో ఒక చోట చూస్తే అసలు ధర తెలిసిపోతుంది.

జీఎస్టీ తగ్గింపు పేరుతో వచ్చే ప్రకటనలకూ ఓ లెక్క ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలు, 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్నుతో కలిపి 40,000 ఉన్న టీవీ, మిగతావేవీ మారకపోతే 36,875కి రావాలి. అంటే తగ్గేది 10 శాతం కాదు, 8 శాతం లోపే. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మొబైల్, చిన్న టీవీల మీద పన్ను అంతకుముందూ 18 శాతమే. ‘జీఎస్టీ తగ్గింది కాబట్టి ఫ్రిజ్ చవక’ అని ఎవరైనా అంటే, తగ్గించింది షాపో కంపెనీయో అయి ఉంటుంది. పన్నుతో దానికి సంబంధం లేదు.

ఎక్స్ఛేంజ్ విషయంలో ఒకటే ప్రశ్న: ‘పాతది ఇవ్వకపోతే ఎంతకిస్తారు?’ ఆ రెండు ధరల తేడాయే మీ పాత ఫ్రిజ్‌కు వాళ్లు ఇస్తున్న విలువ. పాత సామాన్ల బండివాడు అంతకంటే ఎక్కువ ఇస్తే బండివాడికే ఇవ్వండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏసీ కొనేవారు ధర తర్వాత చూడాల్సింది బయటి యూనిట్‌ను. ఉప్పుగాలికి కాయిల్ త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు నిరోధక పూత ఉందా, వారంటీలో కాయిల్ ఉందా, మెకానిక్ ఏ ఊరి నుంచి రావాలి? ఈ మూడూ తేలకుండా 2,000 తగ్గిందని కొంటే ఆ తగ్గింపు మొదటి రిపేరుకే పోతుంది. స్టార్ లేబుల్ మీద ‘ఏడాదికి ఇన్ని యూనిట్లు’ అనే అంకె కూడా ఉంటుంది. రెండు ఫ్రిజ్‌ల మధ్య 80 యూనిట్ల తేడా ఉంటే, యూనిట్ 6 రూపాయల లెక్కన ఏడాదికి 480. పదేళ్లు వాడే వస్తువుకు ఇది చిన్న మొత్తం కాదు.

7 శాతం ఖాతాలో ఎవరికి 7 శాతం?

ఇక పొదుపు ఖాతాల సంగతి. 2011 అక్టోబరు నుంచి పొదుపు ఖాతాకు ఎంత వడ్డీ ఇవ్వాలో బ్యాంకులే నిర్ణయించుకుంటున్నాయి. 2025 జూన్ నుంచి ఎస్‌బీఐ ఇస్తున్నది 2.5 శాతం. చిన్న బ్యాంకులు ఎక్కువ ఇస్తామని ప్రకటిస్తాయి. ఇక్కడ చూడాల్సిన మాట ‘వరకు’. ఆ పెద్ద అంకె చాలాచోట్ల లక్షల్లో నిల్వ ఉన్నవారికే. లక్ష లోపు నిల్వకు కొన్నింట్లో 3 శాతం చుట్టుపక్కలే ఇస్తారు. పైగా ఎక్కువ రేటు మొత్తం డబ్బుకు కాకుండా, పరిమితి దాటిన భాగానికే లెక్కిస్తారు. మొదటి లక్షకు 3 శాతం, ఆ పైన 5 శాతం అనుకుంటే, 2 లక్షలకు ఏడాదికి వచ్చేది 8,000. అంటే సగటున 4 శాతం.

ఆ 4 శాతం మన ఊరి పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఏ ఫ్లెక్సీ లేకుండానే దొరుకుతోంది. కనీస నిల్వ 500. కేంద్ర ప్రభుత్వ హామీ. ఒక మెలిక మాత్రం ఉంది: నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వకే వడ్డీ కడతారు. 12న వేసి 28న తీస్తే ఆ నెలకు ఏమీ రాదు. బ్యాంకుల్లో అలా కాదు, ఏ రోజు నిల్వకు ఆ రోజు లెక్క.

ఖాతాలో సగటున 60,000 ఉండే కుటుంబానికి 2.5 శాతానికీ 4 శాతానికీ తేడా ఏడాదికి 900 రూపాయలు. ప్రైవేటు బ్యాంకులో కనీస నిల్వ 10,000 పెట్టి, రెండు నెలలు అది తప్పితే పడే జరిమానాతో ఆ తేడాలో చాలా భాగం పోతుంది. ఎస్‌బీఐలో 2020 నుంచి ఆ జరిమానా లేదు. ఇతర బ్యాంకుల్లోనూ కనీస నిల్వ అవసరం లేని ప్రాథమిక పొదుపు ఖాతా అడిగి తెరిపించుకోవచ్చు. పట్టుబడికీ పట్టుబడికీ మధ్య 4 లక్షలు మూడు నెలలు ఖాళీగా ఉంటాయనుకుంటే, పొదుపు ఖాతాలో 2.5 శాతానికి 2,500 వస్తాయి. అదే బ్యాంకులో మూడు నెలల డిపాజిట్ రేటు 5 శాతం ఉంటే 5,000. ఖాతా మార్చడం కంటే ఈ పనిలోనే ఎక్కువ లాభం.

5 లక్షల బీమా ఎవరికి ఉంది, ఎవరికి లేదు

బ్యాంకు మూతపడితే ఒక్కో డిపాజిటర్‌కు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా సంస్థ ఇస్తుంది. 2020 ఫిబ్రవరి వరకు ఇది లక్ష మాత్రమే. బ్రాంచీలు ఎన్నయినా బ్యాంకు ఒకటే లెక్క. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో రెండింట్లోనూ డబ్బు దాచుకున్నవారికి ఇప్పుడు రెండు ఖాతాలకూ కలిపి 5 లక్షలే. 2025 మే 1న సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసినప్పుడూ ఇదే పద్ధతి.

బందరు కేంద్రంగా నడిచే జిల్లా కేంద్ర సహకార బ్యాంకు డిపాజిట్లకు ఈ బీమా ఉంది. ఊళ్లోని ప్రాథమిక సహకార సంఘంలో, అంటే సొసైటీలో, వేసిన డిపాజిట్లకు లేదు. ఒకే రకం బోర్డు చూసి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

బ్యాంకే కాని సంస్థలు ‘డిపాజిట్’ అన్నప్పుడు సంగతి పూర్తిగా వేరు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్లకు పైగా సేకరించి చెల్లింపులు ఆపేసింది. తెలిసిన మనిషే ఏజెంటుగా ఇంటికి వచ్చి అడగడంతో జనం నమ్మారు. రాష్ట్ర ప్రభుత్వం 2019లోనూ 2021లోనూ 20,000 లోపు వేసినవారికి కొంతమేర డబ్బు ఇచ్చింది. అది బీమా కాదు, ఖజానా నుంచి ఇచ్చింది. 2019 నాటి కేంద్ర చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్ పథకం నడపడమే కాదు, దాని గురించి ప్రచారం చేయడమూ నేరమే. సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో చూడవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు.

నష్టపోతే ఎక్కడికి వెళ్లాలి?

తప్పుదోవ పట్టించే ప్రకటన, ఇస్తానన్న తగ్గింపు ఇవ్వకపోవడం వంటివాటికి మొదట 1915కు ఫోన్ చేయాలి. తేలకపోతే బందరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్లకు కోర్టు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచి తెప్పించుకున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ మీద అయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు 14448. ఎక్కడికి వెళ్లినా బిల్లు, వారంటీ కార్డుతో పాటు ఆ కరపత్రాన్నీ అడుగుతారు. ఫ్లెక్సీ అయితే కొన్న రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పండగ మర్నాటికి అది ఉండదు.