పరిపూర్ణతకు కొలత యేది?

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చెల్పూరు గ్రామమున కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అందు 500 మెగావాట్ల మొదటి యంత్రము 2010లోను, 600 మెగావాట్ల రెండవ యంత్రము 2016లోను ఉత్పత్తి నారంభించినవి. ఆ యంత్రముల యిరుసులు నిమిషమునకు మూడువేల మారులు తిరుగవలెను. అట్లు తిరిగినపుడే మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలదై యుండును. అయినను దేశమందలి విద్యుద్వ్యవస్థను నడపు నియమావళి సరిగా 50 ఉండి తీరవలెనని శాసింపలేదు, 49.90 మొదలు 50.05 వరకును సమ్మతమే యని చెప్పినది. భారము క్షణక్షణమును మారుననియు, మారినపుడు వేగము కొంచెము తగ్గి హెచ్చుట సహజమనియు ఎరిగినవారు చేసిన నియమమది. ఇనుముతో చేసిన యంత్రమునకే మన మీ వెసులుబాటు నొసగితిమి. ఆ కేంద్రపు పొగగొట్టములు కనబడు నూళ్లలో చదువుకొను పదునారేండ్ల బాలునకు ఎంత వెసులుబాటు నొసగుచున్నాము? ఈ ప్రశ్నకు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, ప్రభుత్వమును సమాధానము చెప్పవలసియున్నది.

2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. మూడులక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు ప్రకటింపబడినది. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల లెక్కలో లోపములున్నట్లు పిమ్మట తేలినది. ఒక విద్యార్థినికి తెలుగున సున్న యని ముద్రింపబడగా, తిరిగి చూచినపుడు 99 మార్కులు వచ్చినవి. తప్పినవారి పత్రముల నన్నిటిని రుసుము లేకుండ మరల పరిశీలింపవలెనని ప్రభుత్వము ఉత్తరువు చేసినది. కొలిచిన త్రాసే తప్పు చెప్పినదని పెద్దలు తెలిసికొనునప్పటికి, ఆ త్రాసును వేదవాక్యముగా నమ్మిన పిల్లలు కొందరు లేకపోయిరి. ఒక్కొక్క మరణమునకు ఒక్కటే కారణమని చెప్పుట న్యాయము గాదు. అయినను లోపములేని ఫలితమును దప్ప మరి దేనిని నీనుండి అంగీకరింపమని పిల్లవానికి ఎవరు నేర్పిరను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్నను మనస్తత్వ శాస్త్రజ్ఞులు నలువది యేండ్లకు పైగా విచారించుచున్నారు. పరిపూర్ణతాకాంక్షయని మనము చెప్పదగిన గుణమును వారు పర్ఫెక్షనిజమందురు. లోకము దీనిని సద్గుణముగానే ఎంచుచున్నది. ‘మావాడు ఏ పనియైనను తప్పులేకుండ చేయువరకు నిద్రపోడు’ అని తండ్రి చెప్పుకొనునపుడు ఆ మాటలో గర్వమేగాని భయముండదు. వైద్యుని యొద్దకు వచ్చిన రోగులలో నిదే గుణము దుఃఖమునకు మూలముగా కనబడినది. ఒకే గుణము ఒకచోట బలమును, మరియొకచోట వ్యాధియు నెట్లగును?

1978లో డాన్ హమాచెక్ అను అమెరికా పండితుడు దీనికొక సమాధానము చెప్పెను. ఆరోగ్యకరమగు పరిపూర్ణతాకాంక్ష వేరు, రోగప్రాయమైనది వేరు అని ఆయన విభజించెను. మొదటివాడు ఉన్నతముగా చేయగోరును. పని ముగిసినపుడు సంతోషించును. సందర్భమునుబట్టి పట్టు సడలింపనెరుగును. రెండవవాడు ఎంత చేసినను చాలదని క్రుంగును. 1980లో డేవిడ్ బర్న్స్ ఈ గుణమును కొలుచుటకు చిన్న ప్రశ్నావళి నొకదానిని ప్రకటించెను. అయితే అది మొత్తమును ఒకే అంకెగా చూపినది. జ్వరమున్నదని చెప్పు పరికరము వంటిదది. ఏ జ్వరమో చెప్పజాలదు.

1990లో రాండీ ఫ్రాస్టును ఆయన సహచరులును 35 వాక్యములతో నొక కొలమానమును నిర్మించి, ఆ గుణమును ఆరు పాయలుగా విడదీసిరి. దోషభీతి, స్వీయప్రమాణముల ఔన్నత్యము, తల్లిదండ్రుల యాశలు, తల్లిదండ్రుల విమర్శ, చేసిన పనిపై సంశయము, క్రమప్రియత్వము అనునవి యవి. ఇందు అధికసంఖ్యాకములగు వాక్యములు, అనగా తొమ్మిది, దోషభీతికే కేటాయింపబడినవి. క్రమప్రియత్వమును వేరుగా లెక్కించి మొత్తములో కలుపకుండిరి. పుస్తకములు చక్కగా సర్దుకొను బాలుడు రోగి కాడని దీని తాత్పర్యము.

మరుసటి యేట, 1991లో, కెనడా దేశపు పండితులు పాల్ హెవిట్, గార్డన్ ఫ్లెట్ మరియొక త్రోవ తొక్కిరి. కోరిక ఎవరినుండి పుట్టినది, ఎవరివైపు తిరిగినది అని వారు ప్రశ్నించిరి. తాను లోపరహితుడు కావలెనని తననుతాను శాసించుకొనుట మొదటిది, దానిని స్వనిష్ఠమందము. ఇతరులు లోపరహితులు కావలెనని శాసించుట రెండవది, అది పరనిష్ఠము. లోపరహితుడనైననే సంఘము నన్నాదరించునని నమ్ముట మూడవది, అది సంఘవిహితము. ఒక్కొక్కదానికి 15 చొప్పున 45 వాక్యములు గలవు. ప్రతివాక్యమునకు ఒకటి మొదలు ఏడువరకు అంకె వేసి, తాను దానితో ఎంతవరకు ఏకీభవించునో చదువరి తెలుపవలెను. అన్నిటికిని ఔననువారిని పట్టుటకై కొన్ని వాక్యములు తలక్రిందుగా కూర్పబడి యుండును. ఒకే గుణమును కొలుచు వాక్యములకు సమాధానములు పరస్పరము పొందుచున్నవా, కొంతకాలమునకు మరల అడిగిన అవే వచ్చుచున్నవా యని పరీక్షించిన పిదపనే కొలమానము అంగీకారయోగ్యమగును.

2001లో రాబర్ట్ స్లేనీయు ఆయన సహచరులును 23 వాక్యములలో మరియొక కొలమానమును సవరించి ప్రకటించిరి. అందు మూడు పాయలు గలవు: ఉన్నతప్రమాణములు, క్రమము, వెలితి. కోరినదానికిని తాను చేయగలిగినదానికిని నడుమ గలదనిపించు దూరమే వెలితి. ప్రమాణము ఎత్తుగా నుండుటవలన కాక, వెలితి యెల్లప్పుడును తీరనిదిగా తోచుటవలననే మనస్సు విరుగుచున్నదని ఈ కొలమానము గుర్తింపజేసినది.

ఈ కొలతలవలన తేలినదేమి? ఎత్తైన స్వీయప్రమాణములు గలవారిలో శ్రద్ధయు, కార్యదీక్షయు తరచుగా కనబడినవి. దోషభీతియు, సంఘవిహితమగు పరిపూర్ణతాకాంక్షయు హెచ్చుగా నున్నచోట దుఃఖము, ఆందోళనము, నిరాశ హెచ్చుగా కనబడినవి. 2018లో వెలువడిన యొక సమీక్ష 45 పరిశోధనలను కలిపి చూచి, సంఘవిహితమైనదానికి ఆత్మహత్యాభావములతో గల సంబంధమును చూపినది. 2019లో థామస్ కర్రన్, ఆండ్రూ హిల్ అను ఆంగ్లదేశ పండితులు అమెరికా, కెనడా, బ్రిటన్ దేశముల కళాశాలలలోని 41,641 మంది విద్యార్థుల సమాధానములను పోల్చి చూచిరి. 1989 మొదలు 2016 వరకు స్వనిష్ఠము నూటికి 10 వంతులు, పరనిష్ఠము 16 వంతులు, సంఘవిహితము 33 వంతులు పెరిగినవని వారు ప్రకటించిరి. తనపై తాను పెట్టుకొనిన భారముకంటె లోకము పెట్టినదని తోచిన భారమే మూడింతల వేగమున పెరిగినదన్నమాట.

స్వరాజ్యమనగా నేమో తెలిసిన దేశము మనది. తనకు తాను శాసనము చేసికొనుట స్వాతంత్ర్యమనియు, పరుని శాసనమును భయముచే మోయుట పారతంత్ర్యమనియు మన పెద్దలు చెరసాలలలో నేర్చి మనకు చెప్పిరి. రాజ్యమున మనము త్రోసివేసిన పారతంత్ర్యమును పిల్లల మనస్సులలో మనమే ప్రతిష్ఠించుచున్నాము. ర్యాంకుల అంకెలను గోడలపై పెద్ద బొమ్మలతో అచ్చువేయు కళాశాలలు పరనిష్ఠమును వ్యాపారముగా చేసికొనినవి. ఆ గోడను చూచి యింటికి వచ్చిన తండ్రి కుమారుని అడుగు మొదటి ప్రశ్న ‘ఏమి నేర్చితివి’ అనునది కాక, ‘ఎన్ని మార్కులు పోయినవి’ అనునదగుచున్నది. స్వనిష్ఠమును సర్వధా క్షేమకరమని భ్రమింపరాదు. దెబ్బ తగిలినపుడు అదియు దుఃఖమునకు దారితీయుననియే హెవిట్, ఫ్లెట్ చూపిరి. తనకు తానే నిరంకుశ ప్రభువగుటయు స్వరాజ్యము కాదు.

ఐతే పరదేశపు త్రాసును తెచ్చి మన బిడ్డలను వెంటనే తూచుట వివేకము గాదు. ఈ కొలమానములు ఆంగ్లమున, ఉత్తర అమెరికా విద్యార్థులకై పుట్టినవి. 1998లో యొహాకిమ్ స్టోబర్ అను జర్మను పండితుడు ఫ్రాస్టు కొలమానమును పరిశీలించి, ఆరు పాయలకంటె నాలుగే మేలుగా పొసగుచున్నవని చెప్పెను. తల్లిదండ్రుల యాశలును విమర్శయు ఒక్కటైనవి. దోషభీతియు సంశయమును ఒక్కటైనవి. మన యొద్ద ఆ రెంటిని కలుపుట ఎంతవరకు సరి? చెల్పూరు పరిసరములలో బొగ్గుగనుల కార్మికుడో, రైతుకూలీయో తాను చదువుకొనలేకపోయిన చదువును కూతురు చదువవలెనని కోరును. ఆ యాశ ఆమెకు బరువు కావచ్చును, ఊతకోలయు కావచ్చును. ‘నాన్న నాపై ఆశ పెట్టుకొన్నాడు’ అను వాక్యమునకు ఆమె వేయు అంకె భయమును తెలుపునో, ప్రేమను తెలుపునో ముందుగా తేల్చవలెను.

కావున విశ్వవిద్యాలయములు చేయవలసిన పని కలదు. వాక్యములను వాడుకలోనున్న తెలుగులోనికి తేవలెను. మూలము నెరుగని మరియొకరిచే వానిని మరల ఆంగ్లములోనికి మార్పించి పోల్చిచూడవలెను. తెలంగాణపు పల్లెలలోను, కోస్తా పట్టణములలోను పిల్లలు ఆ మాటలను ఏయే యర్థములలో గ్రహించుచున్నారో కూర్చుండి అడుగవలెను. పిదప వందలకొలది విద్యార్థులపై పరీక్షించి, పాయలు నిలుచుచున్నవో కలియుచున్నవో లెక్కగట్టవలెను. ఇంత చేసినను ఆ కొలమానము రోగనిర్ణయ పత్రము కాదు, ర్యాంకుల పట్టికయు కారాదు. ఏ పిల్లవాని అంకెను గోడకెక్కింపరాదు.

పిల్లలకంటె ముందుగా పరనిష్ఠపు వాక్యములను పెద్దల ముందుంచుట యుచితమని మా యభిప్రాయము. ఇతరులనుండి లోపరాహిత్యమును ఎంతగా శాసించుచున్నామో ఉపాధ్యాయులును తల్లిదండ్రులును తమకుతామే అంకెలు వేసికొని చూచుకొందురుగాక. ఫలితములు వెలువడు దినమున ప్రతి కళాశాలయందును, మార్కులను చెప్పుటకు గాక మాటలాడుటకే ఒక పెద్దమనిషి యుండునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలెను. మనస్సు క్రుంగినవారితో తెలుగున మాటలాడుటకు 14416 అను టెలిమానస్ ఉచిత టెలిఫోను సంఖ్య 2022 నుండి కలదు. దానిని ప్రతి హాల్‌టికెట్టుపైనను అచ్చువేయుటకు కావలసిన ఖర్చు కొంచెము సిరా మాత్రమే. వచ్చు ఏప్రిల్‌లోగా నీ పనియైనను జరుగవలెనని మా కోరిక.