ప్రత్తిపురుగు వారసత్వము

దీపపు వత్తులకై ప్రత్తినుండి గింజ తీయునప్పుడు పసుపుపచ్చని మరకయు, తొలిచిన గింజయు మీకెన్నడైన కనబడినవా? అది గులాబీరంగు పురుగు పని. అది కాయలో దాగి గింజను తినును. పైకి కాయ బాగుగనే యుండును. ఏరబోయిన కూలి స్త్రీకి మాత్రము విచ్చని కాయలును, మరకపడిన దూదియు దక్కును.

దీనిని చంపుటకు ఒక సూక్ష్మజీవి సాయము దొరకినది. 1901లో జపానున ఇషివాటా యను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగుల తెగులును పరిశోధించుచు దానిని కనుగొనెను. నేడు మన పల్లెలలో సైతము వినవచ్చు 'బీటీ' యను పేరు దానిదే. దాని విషము పురుగు ప్రేగునకు అంటుకొని రంధ్రములు చేయును. మనుష్యుల ప్రేగులో దానికి అంటుకొను చోటు లేదు. ఆ విషమును తానే పుట్టించుకొను ప్రత్తి 2002లోను, రెండు విషములు గల రకము 2006లోను మన దేశమున సాగునకు వచ్చినవి. అయినను గుజరాతులో 2010 నాటికే మొదటి విషమునకు చావని పురుగులు బయలుపడినవి. 2015 నాటికి రెండవదియు అచ్చట ఓడినది.

పురుగు విషమునకు అలవాటుపడెనని కొందఱందురు. అది సరికాదు. వేలకొలది పురుగులలో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే విషము అంటుకొను చోటు మాఱియుండును. తల్లినుండియు తండ్రినుండియు, రెండు వైపులను ఆ మార్పు వచ్చిననే పిల్ల బ్రతుకును. ఒక వైపుననే వచ్చినచో సాధారణముగ చచ్చును. కావుననే బీటీ చేను చుట్టు మామూలు ప్రత్తి కొన్ని సాళ్లు వేయుమనిరి. అందు పెరిగిన మామూలు పురుగుతో మొండిపురుగు జతకట్టినచో, వాని పిల్లలు బీటీ చేనిలో బ్రతుకవు. శనగపచ్చపురుగునకైన కంది, శనగ, టమాటా కలవు. గులాబీపురుగునకు ప్రత్తియే ముఖ్యాహారమగుటచే ఆ సాళ్లే దిక్కు.

ఆ గింజలను 120 గ్రాముల పొట్లముగా బీటీ విత్తనముతో నిచ్చెడివారు. పురుగులకు మేపు పంట యెందుకని పెక్కుమంది విత్తలేదు. కౌలు చెల్లింపవలసిన రైతును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అమెరికాలోని ఆరిజోనాలో ఆ సాళ్లను శ్రద్ధగా వేసిరి. అచ్చట పదేండ్లు గడచినను మొదటి విషము చెడలేదు. పిమ్మట సంతానము కలుగని రెక్కల పురుగులను కూడ విడిచి, 2018లో ఆ దేశపు ప్రత్తిచేలలో గులాబీపురుగు లేదని ప్రకటించిరి.

ఇక మన పొయ్యి సంగతి. ప్రత్తి ఏరిన పిమ్మట కట్టెను వంటచెఱకుగా ఇంటి ప్రక్కన పేర్చుట వాడుక. దానికి అంటియున్న ఎండుకాయలలో, విషమును ఓర్చినదాని సంతతి తొలకరి దాక నిద్రించి, క్రొత్త చేనికి ఎగురును. కట్టె దాచువారు ఆ కాయలను ముందే దులిపి కాల్చి, తొలకరి రాకమునుపే మోపులన్నిటిని పొయ్యిలో వాడివేయవలెను.