స్పీడోమీటర్ కేబుల్ మళ్లీ మళ్లీ తెగుతోందా? తప్పు కేబుల్‌ది కాకపోవచ్చు

రియాద్‌లో నేను నడిపే పికప్ 1990ల నాటిది. ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. కానీ పోయిన ఎండాకాలం నాలుగు నెలల్లో మూడుసార్లు స్పీడోమీటర్ కేబుల్ తెగింది. మూడోసారి దమ్మామ్ రోడ్డు మీద ఉండగా ముల్లు సున్నాకు పడిపోయింది. ముందు బండ్లను చూసి అందాజాగా నడిపాను. కొన్ని రోజులకు సాహెర్ కెమెరా జరిమానా వచ్చింది. బండి కఫీల్ పేరు మీద ఉంది, డబ్బులు మాత్రం నా జీతంలోంచి పోయాయి. మీటర్ పనిచేయలేదంటే వినేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

ఈసారి పాత సనయ్యాలో మన నిజామాబాద్ మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లాను. కొత్త కేబుల్ వేయమంటే ఆయన నవ్వాడు. "కేబుల్ వేసుడు పది నిమిషాల పని తమ్మీ. ఎందుకు తెగుతున్నదో చూడకుంటే నెలకు మళ్లా వస్తవ్" అన్నాడు. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పాత బండ్లు నడిపే మన డ్రైవర్ సోదరులు ఇక్కడ చాలామంది ఉన్నారు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. గేర్‌బాక్స్ వెనక భాగంలో చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దానికి తగిలించిన సన్నని ఉక్కు తీగ, పైన గొట్టం లోపల తిరుగుతూ మీటర్ దాకా వస్తుంది. మీటర్‌లో అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాంతో ముల్లు లేస్తుంది. కిలోమీటర్లు లెక్కపెట్టే అంకెలను తిప్పేదీ ఆ తీగే. జపాన్ బండ్లలో సాధారణంగా కిలోమీటరుకు 637 చుట్లు. రియాద్ నుంచి దమ్మామ్ దాదాపు 400 కిలోమీటర్లు. అంటే ఒక్క ట్రిప్పులో రెండున్నర లక్షల చుట్లు. దారిలో ఎక్కడ బిగుసుకున్నా ఆ బరువంతా తీగ మీదే పడుతుంది.

అందుకే కేబుల్ కొనే ముందు ఈ నాలుగు చూడండి.

మొదటిది మీటర్. నా బండిలో అసలు దొంగ ఇదే. తెగిన తీగలోంచి జానెడు ముక్క తీసుకుని, దాని చదరపు కొనను మీటర్ వెనక రంధ్రంలో పెట్టి వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. గరగరమన్నా, పట్టేసినట్టున్నా లోపలి బుష్ ఎండిపోయిందని అర్థం. ఇక్కడి దుమ్ము, 45 డిగ్రీల ఎండ కలిసి నూనెను ఆర్పేస్తాయి. శుభ్రం చేయించి ఒక చుక్క సన్నని నూనె వేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. లేకపోతే తష్లీహ్‌లో అదే మోడల్ మీటర్ వెతకాలి.

రెండోది కేబుల్ దారి. ఎక్కడా గట్టి వంపు ఉండకూడదు. సైలెన్సర్ పైపుకు తగలకూడదు. తీగ మధ్యలో తెగితే ముందు అనుమానించాల్సింది ఇదే. క్లిప్పులు ఊడిపోతే గొట్టం జారి వేడి పైపు మీద పడుతుంది.

మూడోది గేర్‌బాక్స్ వైపు. కేబుల్‌ను మీటర్ దగ్గర విప్పి, బండిని న్యూట్రల్‌లో పది మీటర్లు తోయించండి. తీగ ఆరు చుట్లు, అటూ ఇటుగా, ఆగకుండా తిరగాలి. ఆగి ఆగి తిరిగితే పళ్ల చక్రం అరిగి ఉండొచ్చు. పై కొసలో నల్లని నూనె కనిపిస్తే కింద ఆయిల్ సీల్ పోయింది. ఆ నూనె మీటర్‌లోకి చేరితే మీటరూ పాడవుతుంది.

నాలుగోది కేబుల్ పొడవు. పాతదాన్ని పారేయకుండా షాపుకు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి కొలవండి. గొట్టం బయటికి వచ్చే తీగ కొస రెండింటిలో సమానంగా ఉండాలి. అది ఎక్కువుంటే నట్టు బిగించగానే మీటర్‌ను పొడుస్తుంది, కొద్ది రోజుల్లోనే విరుగుతుంది. షాపులో "సిల్క్ అద్దాద్" అని అడగండి, అర్థమవుతుంది.

వేసేటప్పుడు తీగకు పలచగా గ్రీజు రాయండి, కానీ పైన మీటర్ వైపు జానెడు మేర వదిలేయండి. అక్కడ రాస్తే గ్రీజు పైకి పాకి మీటర్‌లోకి పోతుంది. నేను రెండోసారి చేసిన తప్పు అదే. ఎక్కువ రాస్తే మంచిదనుకున్నాను.

తెగే ముందు కేబుల్ చెబుతుంది. ముల్లు వణుకుతుంది, డ్యాష్‌బోర్డు వెనక కీచుమని చప్పుడొస్తుంది. అప్పుడే చూపిస్తే తీగ మిగులుతుంది. తెగిపోతే, బాగయ్యేదాకా ఫోన్‌ను స్టాండులో పెట్టి జీపీఎస్ వేగం చూసుకోండి. చేతిలో పట్టుకుంటే అదో జరిమానా. కిలోమీటర్లు కూడా ఆగిపోతాయి కాబట్టి ఆయిల్ మార్చిన తేదీ రాసి పెట్టుకోండి.

మీటర్ బాగుచేయించాక అదే రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాను, కేబుల్ మళ్లీ తెగలేదు. బండి మీది కాకపోతే ముల్లు వణికిన రోజే కఫీల్‌కు చెప్పి, ఒక చిన్న వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి. తర్వాత జీతంలో కోత మాట వస్తే, ముందే చెప్పానని చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది. నేను ఆ పని చేయలేదు.