పసిపిల్లల యింట చిట్టికుక్కలు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము చూచుటకు చిన్నది. రెండు వీశెల తూకమైనను లేని కుక్కను గూర్చి పెద్దలు కూర్చుండి వినవలసినంత యేమున్నదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే నవ్వితిని. ఆ నవ్వు మా యింటికి ఎంత చేటు తెచ్చినదో ముందుగా చెప్పి, పిమ్మట కారణములను వివరించెదను.

ఐదేండ్ల క్రిందట సంక్రాంతి పండుగకు, పట్టణమున ఉద్యోగము చేయుచున్న మా పెద్దవాడు భార్యతోను మూడేండ్ల కొడుకుతోను ఊరికి వచ్చెను. కారు దిగునప్పుడు కోడలి చేతిలో ఒక బుట్ట యుండెను. అందులో దూదియుండ వంటి కుక్కపిల్ల. వయస్సు రెండున్నర నెలలు, పామరేనియను జాతిదట. "పెద్ద కుక్కైతే వీడు భయపడతాడు, నాన్నగారూ. ఇది చిన్నది కాబట్టి వీడి ఆటకు సరిపోతుంది" అని మావాడు చెప్పెను. ఆ మాట నాకును సబబుగానే తోచెను. చిన్నవానికి చిన్నకుక్క, ఈడుకు జోడు.

కనుమనాటి మధ్యాహ్నము ఆడువారు వంటపనిలో నుండిరి. పిల్లవానిని కనిపెట్టి యుండుమని కోడలు నాతో చెప్పి లోనికి పోయెను. నేను అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుచుంటిని. మనుమడు కుక్కపిల్లను రెండు చేతులతో ఎత్తుకొని అరుగెక్కుట చూచితిని, చూచియు వారింపలేదు. అది గింజుకొని వాని చేతులనుండి జారి క్రింద పడెను. అరుగు ఎత్తు రెండడుగులకు మించదు. కుక్కపిల్ల కీచుమని అరచి, ముందరి కాలొకటి పైకెత్తి నిలిచెను. వాడు భయపడి దిగి దానిని మరల ఎత్తబోగా, విరిగిన కాలే వాని చేతికి దొరకెను. అది వాని బొటనవ్రేలిని కరచెను. నెత్తురు కారెను. నేను పత్రిక పారవైచి లేచునప్పటికి రెండు పసిప్రాణములును ఏడ్చుచుండెను.

ఆనాడు నేను మరియొక తప్పు చేసితిని. లేగదూడ కాలు విరిగినచో మనము వెదురుబద్దలు పెట్టి కట్టుకట్టుట కలదు. అదే తీరున కుక్కపిల్ల కాలికి బద్దలు పెట్టి గుడ్డ చుట్టితిని. పండుగ ముగిసిన పిమ్మట మావారు దానిని నాకడనే విడిచి పట్టణమునకు పోయిరి. మూడు వారములు గడచినను ఎముక అతుకలేదు, కాలు వంకరపోయెను. తుదకు దానిని పశువైద్యశాలకు కొనిపోతిని. వైద్యుడు ఎక్సురే తీయించి నాకు చూపి, "తాతగారూ, ఇది దూడ కాదు. ఈ ఎముక మీ జేబులోని కలం కంటే సన్నం, చూడండి" అనెను. ఆయన చెప్పినదియు, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు ఇప్పుడు మీకు మనవి చేసెదను.

మన పురాణములలో కుక్కకు గౌరవస్థానము కలదు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కడవరకు నడచినది శునకమే. ఆ కుక్కయు, మన పొలముగట్ల వెంబడి తిరుగు కుక్కయు, గొల్లవాని మందను కాయు కుక్కయు, అన్నియు నడచెడి కుక్కలు. వీనికి భిన్నమైన మరియొక తెగ గలదు. దానిని ఒడికుక్కల తెగ యనవచ్చును. సంపన్నుల గృహములలో ఒడిలో కూర్చుండి యలరించుటకై, పొట్టివానిని పొట్టివానితోనే జతకూర్చుచు, మనుష్యుడు తరతరములుగా ఆ తెగను పెంచి తెచ్చినాడు. చైనా చక్రవర్తుల కోటలో పెకినీసు కుక్కలు అట్లు పెరిగినవే. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు పీకింగు చెంతనున్న వేసవి ప్రాసాదమును దోచినప్పుడు చిక్కిన కుక్కలలో ఒకటి విక్టోరియా రాణికి కానుకగా చేరెను. దానికి పెట్టిన పేరు "లూటీ". ఆ రాణియే 1888లో ఇటలీ దేశమునందలి ఫ్లారెన్సు నగరమున చిన్న పామరేనియనులను చూచి ముచ్చటపడి వెంట తెచ్చుకొనెను. అంతకు మునుపు ఇంగ్లండులోని పామరేనియనులు ఇప్పటివానికంటె చాల పెద్దవి. రాణి చిన్నదానిని మెచ్చినది గనుక లోకమునకును చిన్నదే కావలసి వచ్చెను. నేడు అమెరికా దేశపు జాతిప్రమాణము ప్రకారము పామరేనియను తూకము మూడుంబావు కిలోలకు లోపు. మెక్సికోలోని ఒక రాష్ట్రము పేరు ధరించిన చివావా కుక్క ఇంకను చిన్నది. అది మూడు కిలోలైనను తూగరాదు.

ఇందొక సంగతి గమనింపదగినది. మన ప్రాంతములలో పామరేనియను అని పిలుచు తెల్లని బొచ్చుకుక్కలలో చాలభాగము ఆ జాతివి కావు. అవి ఇండియన్ స్పిట్జు అను వేరు జాతివి. కొంచెము పెద్దవి, మన యెండలకు అలవాటుపడినవి. "మా పక్కింట నలుగురు పిల్లల నడుమ పామరేనియను పదేండ్లు బ్రతికినది" అని ఎవరైన చెప్పినచో, అది స్పిట్జు అయియుండవచ్చునని తలంపుడు.

ఈ చరిత్ర యంతయు ఏల చెప్పితినన, ఈ చిట్టికుక్కలు పెద్దల యొడికొరకు ఏర్పడినవే కాని పిల్లల యాటకొరకు ఏర్పడినవి కావు. చిన్నది గనుక చిన్నవారికి తగునను మన లెక్కయే తప్పు.

ఇక వాని శరీరముల సంగతి. మొదటిది ఎముక. చిట్టికుక్కల ముంగాలి ఎముకలు మిక్కిలి సన్ననివి. మంచముమీదినుండి దుమికినను, పిల్లవాని చేతినుండి జారినను, మణికట్టుకు కొంచెము పైగా విరుగుట పశువైద్యులు తరచుగా చూచునట్టిది. ఆ చోట రక్తప్రసారము పెద్ద కుక్కలలో కంటె తక్కువ. అందుచేత కేవలము కట్టు కట్టినంతమాత్రమున ఎముక అతుకకపోవుట కలదు. లోహపు పలకను మరలతో బిగించి శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. మా కుక్కపిల్లకును తుదకు అట్లే చేయించితిమి.

రెండవది పుఱ్ఱె. పసిబిడ్డ నడినెత్తిని మాడు మెత్తగా నుండుట మీ రెరుగుదురు. కొన్ని నెలలు గడచిన అది పూడును. చివావాలలో అనేకములకు ఆ మెత్తని చోటు పెరిగిన తరువాతను పూడక నిలిచిపోవును. అట్టి తలకు పిల్లవాని చేతి కొయ్యబొమ్మ తగిలిన నేమగునో ఊహించుకొనుడు.

మూడవది ఆకలి. ఇంత చిన్న కుక్కపిల్ల దేహములో చక్కెర నిలువ మిక్కిలి స్వల్పము. ఒక పూట తిండి తప్పినను, నిద్ర లేక అలసినను, వణకు, తూలుట, కడకు మూర్ఛయు సంభవింపవచ్చును. అట్టిచో చిగుళ్ళకు కొంచెము తేనెయో చక్కెరనీరో పూసి వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను. పిల్లలకేమో దానిని నిద్రపోనిచ్చుట చేతగాదు. కన్ను మూసినప్పుడెల్ల లేపి ఆడింతురు. ఇది పిల్లల దుర్గుణము కాదు, వయస్సు.

మూడేండ్ల బిడ్డ తూకము పండ్రెండు, పదునాలుగు కిలోలు. మా కుక్కపిల్ల తూకము కిలో కూడ లేదు. కాబట్టి అందరును అడుగు ప్రశ్న, అనగా కుక్కవలన పిల్లవానికి అపాయము కలదా యను ప్రశ్న, సగము ప్రశ్నయే. పిల్లవానివలన కుక్కకు అపాయము కలదా యని ముందుగా అడుగవలెను. ఏలయన, కాటు అక్కడనే పుట్టుచున్నది. నొప్పి కలిగిన ప్రాణి కరచును. తప్పించుకొని పోవుటకు దారిలేని ప్రాణి మరింత త్వరగా కరచును.

మరియొక విశేషము. పెద్ద కుక్క గుఱ్ఱుమన్నచో ఇల్లంతయు జాగ్రత్తపడును. చిట్టికుక్క గుఱ్ఱుమన్నచో మనము నవ్వుదుము. "మళ్ళీ అనిపించరా" అని పిల్లవానిని ప్రోత్సహింతుము. మొగము త్రిప్పుకొనుట, మాటిమాటికి పెదవులు నాకుకొనుట, నిద్ర రాకయే ఆవలించుట, దేహము బిగబట్టుట, కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచుట, ఇవన్నియు "నన్ను విడువుడు" అని కుక్క చెప్పు మాటలు. ఆ మాటలు ఎవరును వినకున్నచో, దానికి మిగిలినది పన్నే. పసిపిల్లలు మొగము కుక్కకు దగ్గరగా పెట్టుదురు గనుక కాటు చెంపకో కంటికో తగులుట కలదు. మావానికి వ్రేలితో పోవుట మా యదృష్టము.

కాటు చిన్నదైనను చిన్నదిగా ఎంచరాదు. మా పొరుగామె గాయముపై అద్దుటకు పసుపు తెచ్చెను. మా కోడలు వలదని, పిల్లవాని చేతిని కుళాయిక్రింద పెట్టి సబ్బుతో పావుగంటసేపు కడిగెను. అందరిలోను సరియైన పని చేసినది ఆమె యొక్కతెయే. పసుపు, కారము, కాఫీపొడి, సున్నము మున్నగునవి కాటుపై పెట్టరాదు. కడిగిన పిమ్మట ఆ దినముననే ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు జబ్బు లక్షణములు పొడచూపిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు కల్ల. అంతకు ముందు మందు వేయించుకొన్నవానికి రక్షణ కలదు. 1885 జూలై 6వ తేదీని పాశ్చరు పండితుడు తొమ్మిదేండ్ల బాలునికి ఈ మందు మొదటిసారి వేసెను. మన దక్షిణదేశమున 1907లో కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను తలచుకొని నేటికిని భయపడు పెద్దలున్నారు. ఆ పాత మందును మన దేశమున 2004తో నిలిపివేసిరి. ఇప్పటి మందును చేతికే వేయుదురు, సూదులును కొద్ది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండినప్పుడు ఆ టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. మాది అప్పటికి మూడు నెలలు నిండనిది, టీకా లేదు. అందుచే మనుమనికి సూదులన్నియు వేయించవలసి వచ్చెను. సూది పొడిచిన ప్రతిసారియు వాడు "తాతా" అని నన్నే పిలిచెనని కోడలు టెలిఫోనులో చెప్పెను.

అట్లయిన పిల్లలున్న యింట కుక్కయే వలదా? అట్లనను. ఆరేడేండ్లు నిండని బిడ్డలున్న యింటికి అతిచిన్న జాతి కుక్కను తేవలదని మాత్రమే నా మనవి. ఐదేండ్లలోపు పిల్లలున్న ఇంటికి ఇట్టి కుక్కలను అమ్మనొల్లని పెంపకందార్లును కలరు. కుక్కను పెంచవలెనను కోరిక గట్టిదైన, మన ఊరి కుక్కపిల్లనే తెచ్చి, టీకాలు వేయించి, నులిపురుగుల మందు త్రాగించి పెంచుడు. దాని యెముక గట్టిది. పిల్లవాడు తూలి మీదపడినను లేచి దులుపుకొని పోగలదు. అదియు పెరిగిన పిదప తోకయూపుచు పిల్లవానిని పడద్రోయవచ్చును. కావున ఏ కుక్కయైనను కాపలా తప్పదు.

చిట్టికుక్క ఇదివరకే ఇంట నున్నచో నాలుగు నియమములు పాటింపుడు. పెద్దవారి కన్ను లేక బిడ్డను కుక్కను ఒక్కచోట విడువవలదు. బిడ్డ నేలపై కూర్చుండియే కుక్కను తాకవలెను, నిలుచుండి ఎత్తుకొనరాదు. తినునప్పుడు, నిద్రించునప్పుడు కుక్కజోలికి పోరాదు. పిల్లవాడు చేరలేని మూల నొకటి కుక్కకు విడిచిపెట్టవలెను. కన్నుంచుట యనగా ఇంట నుండుట కాదు, చూచుట. నేను ఆనాడు ఇంటనే యుంటిని.

పిల్లలు పెద్దవారై దూరముగా నుండి, ముసలివారు ఇద్దరే మిగిలిన ఇండ్లు మన ఊళ్ళలో ఇప్పుడు అనేకములు కలవు. అట్టి యింటికి ఈ చిట్టికుక్క చక్కగా తగును. మా కుక్క నాకడనే యున్నది. కొంచెము కుంటుచు నడచును. సాయంకాలము నా యొడిలో పండుకొనును. మా మనుమనికి ఇప్పుడు ఎనిమిదేండ్లు. సెలవులకు వచ్చినప్పుడు గుమ్మము దాటగానే చెప్పులు విడిచి నేలపై చతికిలబడి కూర్చుండును. అది తనంతట తాను వచ్చువరకు పిలువడు. వచ్చునప్పటికి ఒక్కొక్కప్పుడు చాల సేపు పట్టును. నేనును పత్రిక మడిచి ప్రక్కన పెట్టి కూర్చుందును.